రొయ్యల చెరువు లెక్కలు: గణితం, గణాంకశాస్త్రం, డేటా సైన్సు ఎక్కడిదాకా వచ్చాయి

వనామి రొయ్యల సాగు మీద ఇటీవలి పరిశోధన మూడు దారుల్లో నడుస్తోంది. జలచర శాస్త్రవేత్తలు నీటిని, మేతను, రోగాన్ని కొలుస్తారు. గణితజ్ఞులు పెరుగుదలకు, రోగవ్యాప్తికి సమీకరణాలు రాస్తారు. డేటా సైన్సు వాళ్లు సెన్సర్లు, ఫోన్ కెమెరాలు, ఉపగ్రహాలు పోగేసిన అంకెల్లో రేపటి జాడ వెతుకుతారు. ముగ్గురి చెరువూ ఒకటే అయినా, ఒకరి పత్రాలు ఇంకొకరు చదివిన గుర్తులు తక్కువ. చినగంజాం ఉప్పుకొఠార్ల నుంచి వేటపాలెం, చీరాల, బాపట్ల మీదుగా నిజాంపట్నం దాకా ఉన్న తీరం ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి అనువైన చోటు. పడమట పత్తి, మిరప పండే నల్లరేగళ్లు, తూర్పున ఇసుక దిబ్బలు, జీడిమామిడి తోటలు, నడుమ రొంపేరు లాంటి మురుగుకాల్వలు, ఉప్పుటేరుల వెంట చెరువులు.

ఇక్కడి సాగుకు రెండు జన్మలున్నాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చి నాలుగేళ్లు కాసులు కురిపించింది. 1994–95లో వైరస్ రోగాలు, ముఖ్యంగా వైట్ స్పాట్, చెరువులను ఊడ్చేశాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల చెరువులను కట్టడి చేసింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో అమెరికా ఖండాల పసిఫిక్ తీరపు జాతి అయిన వనామికి అనుమతి దొరికాక రెండో జన్మ మొదలైంది. 2023–24లో భారతదేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ రూ. 60,523 కోట్లు. పరిమాణం 17.81 లక్షల టన్నులు. డాలర్ల లెక్కలో అందులో మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యదే, ఆ రొయ్యలో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది.

జిల్లా లెక్కలు పట్టుకుని ఈ చరిత్రను పరిశీలించబోయేవారికి మొదట్లోనే ఒక చిక్కు. వేటపాలెం 1970 దాకా గుంటూరు జిల్లాలో, 2022 ఏప్రిల్ దాకా ప్రకాశంలో, ఆ తర్వాత బాపట్ల జిల్లాలో ఉంది. జిల్లావారీ ఉత్పత్తి పట్టికలను ఏళ్ల వరుసలో పేర్చి గీత గీస్తే, 2022లో ప్రకాశం లెక్కలో కనిపించే పతనం రోగం వల్ల వచ్చింది కాదు, సరిహద్దు మారడం వల్ల వచ్చింది. కంప్యూటరుకు ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

పెరుగుదల: కౌంటు, గ్రాము

రొయ్య బరువును వ్యాపారంలో కౌంటుతో చెబుతారు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు. 100 కౌంటు అంటే పది గ్రాములు, 50 కౌంటు ఇరవై, 30 కౌంటు ముప్పైమూడు. బరువు పెరిగేకొద్దీ కౌంటు తగ్గుతుంది, అదీ సమానంగా కాదు. వంద నుంచి యాభైకి రావడానికి పది గ్రాములు పెరిగితే చాలు. యాభై నుంచి పాతికకు రావాలంటే ఇంకో ఇరవై పెరగాలి. అందుకే కౌంటును నేరుగా సగటు తీస్తే లెక్క దారి తప్పుతుంది. చెరువులో సగం రొయ్యలు 40 కౌంటు, సగం 60 కౌంటు ఉన్నాయనుకుంటే సగటు 50 అని నోటికి వస్తుంది. కానీ బరువు చూస్తే ఒకటి 25 గ్రాములు, ఇంకొకటి 16.7 గ్రాములు. సగటు 20.8 గ్రాములు, అంటే 48 కౌంటు. కౌంటుకు ఇంత అని ధర కట్టే చోట ఆ రెండు కౌంట్ల తేడా చిన్నది కాదు.

పెరుగుదలకు గణితంలో పాత వక్రరేఖలు రెండు. గోంపెర్ట్జ్ 1825లో మనుషుల మరణాల రేటు కోసం రాసిన సూత్రం తర్వాత పెరుగుదలకు పనికొచ్చింది. ఫాన్ బెర్టలాన్ఫీ 1938లో ఇచ్చిన సమీకరణం చేపల శాస్త్రంలో రాజ్యమేలింది. రెండూ జంతువు మొదట వేగంగా పెరిగి, ఒక గరిష్ఠ పరిమాణం దగ్గర నిలకడపడుతుందని చెబుతాయి. సాగు రొయ్య మీద వీటిని వాడిన పత్రాలు లెక్కకు మిక్కిలి. వాటిలో చాలావాటికి ఒక లోపం ఉమ్మడి. వనామిని నూరు, నూటిరవై రోజుల్లో, ఇరవై ముప్పై గ్రాముల దగ్గరే పట్టేస్తారు. వక్రరేఖ వంపు తిరగకముందే చెరువు ఖాళీ అవుతుంది. ఇంచుమించు సరళరేఖలా ఉన్న భాగం నుంచి గరిష్ఠ పరిమాణం ఎంతో లెక్కగడితే, ఆ అంకె డేటాలోంచి వచ్చినట్టు కాదు, సమీకరణం ఇచ్చిన ఊహ. పైగా రొయ్య పొర విడిచినప్పుడే పెరుగుతుంది. అది మెట్లెక్కే జీవి, సాఫీ రేఖ దాని సగటు మాత్రమే.

ఈ విషయంలో తెలుగువారికి దగ్గరి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పట్టా తీసుకున్న సి.ఆర్. రావు 1945 నాటి పత్రంతో ప్రపంచానికి తెలుసు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని అదే ఏడు కన్నుమూశారు. ఆయన 1958లో బయోమెట్రిక్స్ పత్రికలో పెరుగుదల రేఖలను పోల్చే పద్ధతులపై ఒక వ్యాసం రాశారు. 1965లో దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఒకే జంతువును పదేపదే తూచిన అంకెలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని, వాటిని విడివిడి కొలతలుగా లెక్కవేస్తే నమ్మకం లేనిపోనంత పెరుగుతుందని ఆ దారిలో వచ్చిన పని చెబుతుంది. మేత పరీక్షల పత్రాలలో నేటికీ వారంవారం తూకాలను వేర్వేరు ప్రయోగాల్లా లెక్కగట్టి, ఈ మేత ఆ మేతకన్నా మేలని తేల్చినవి కనిపిస్తాయి. అరవై ఏళ్ల కిందటి తెలుగువాడి పాఠం ఇంకా చెరువు గట్టుకు చేరలేదు.

లెక్కకు దొరకని అంకె

పెరుగుదల కన్నా కఠినమైన ప్రశ్న వేరే ఉంది: చెరువులో ఎన్ని రొయ్యలు బతికి ఉన్నాయి? సీడు (రొయ్యపిల్లలు) వదిలిన రోజు సంఖ్య తెలుసు, పట్టుబడి రోజు తెలుస్తుంది, నడుమ వంద రోజులూ అంచనానే. చేపల సంఖ్య తేల్చడానికి పీటర్సన్ కాలం నుంచి గుర్తువేసి వదిలి మళ్లీ పట్టే పద్ధతి ఉంది. రొయ్యకు పైన గుర్తు వేస్తే పొరతో పాటు అదీ పోతుంది. విసురువల మేత చూసే చెక్ ట్రే దగ్గర వేస్తే ఒక లెక్క, మూలన వేస్తే ఇంకో లెక్క. అందుకని ఆచరణలో మేత తిన్నదాన్ని బట్టి సంఖ్యను ఊహిస్తారు, ఆ సంఖ్యను బట్టి మేత వేస్తారు. ఈ గుండ్రపు తర్కంలో తప్పు ఒకసారి దూరితే తిరుగుతూనే ఉంటుంది.

ఎకరం చెరువులో రెండు లక్షల సీడు వేశారనుకుందాం. రొయ్య 12 గ్రాములకు వచ్చింది. సర్వైవల్ 85 శాతం అనుకుంటే మొత్తం బరువు 2,040 కిలోలు, మూడు శాతం చొప్పున రోజు మేత 61 కిలోలు. నిజానికి బతికింది 65 శాతమే అయితే బరువు 1,560 కిలోలు, కావలసిన మేత 47 కిలోలు. తేడా 14 కిలోలు రోజూ అడుగుకు పోతుంది. మేతలో ప్రోటీను 35 శాతం ఉంటే అందులో నత్రజని సుమారు 800 గ్రాములు. నాలుగడుగుల లోతున్న ఎకరం నీటిలో అదంతా అమ్మోనియాగా మారితే లీటరుకు రోజుకు 0.16 మిల్లీగ్రాములు. నాచు, బాక్టీరియా కొంత పీల్చుకుంటాయి కాబట్టి అసలు పెరుగుదల ఇంతకన్నా తక్కువే. కానీ దిక్కు ఇదే. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే కాబట్టి నష్టం రెండువైపులా కోస్తుంది.

ఈ ముడిని విప్పే ప్రయత్నాలలో ఆసక్తికరమైనది శబ్దం. రొయ్య మేత గుళికను దవడలతో చిదిమేటప్పుడు టిక్కుటిక్కుమంటుంది. నీటిలో మైకు పెట్టి ఆ టిక్కులు లెక్కిస్తే తిన్న మేత అంచనా దొరుకుతుందని ఆస్ట్రేలియాకు చెందిన స్మిత్, టాబ్రెట్ 2013లో టైగర్ రొయ్య మీద చూపించారు. ఆ సూత్రంతో మేత యంత్రాలు వచ్చాయి. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ నీటి సెన్సర్లను, మేత యంత్రాలను చెరువుల కోసం తయారుచేసింది. ఏరేటర్ల మోత, వాన చప్పుడు నడుమ టిక్కును వేరు చేయడం సిగ్నల్ శాస్త్రం పని, అక్కడ డేటా సైన్సు నిజంగా అక్కరకొచ్చింది. రొయ్యల సంఖ్య ఊహించనక్కర లేకుండా ఆకలినే కొలవడం ఈ దారిలోని తెలివి.

నీరు: పెన్సిలుతో అయ్యే పని

చెరువు నీటి గణితం పాతది, దృఢమైనది. నదిలో ఆక్సిజన్ ఎలా తరిగి మళ్లీ పుంజుకుంటుందో స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లో ఒహయో నది మీద రాశారు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి నాచూ రొయ్యా బురదా అన్నీ దాన్ని వాడతాయి. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) అడుగంటుతుంది. బోయిడ్, రొమేర్, జాన్‌స్టన్ 1978లో క్యాట్‌ఫిష్ చెరువుల కోసం ఒక సులువు చెప్పారు: పొద్దుగూకగానే ఒకసారి, రెండు మూడు గంటల తర్వాత ఇంకోసారి కొలిచి ఆ రెండు బిందువుల మీదుగా గీత గీయండి. సాయంత్రం 6.30కి లీటరుకు 8.0 మిల్లీగ్రాములు, రాత్రి 9.30కి 6.5 ఉంటే గంటకు అర మిల్లీగ్రాము చొప్పున పోతోంది, తెల్లవారి 4.30కి 3.0. మూడు కిందికి పోతే రొయ్య అల్లాడుతుంది కాబట్టి ఏరేటర్లు ఎప్పుడు పెంచాలో తొమ్మిదిన్నరకే తెలిసిపోతుంది.

దీన్ని ప్రస్తావించడానికి కారణం ఉంది. ఇటీవల ఆక్సిజన్ జోస్యం మీద న్యూరల్ నెట్‌వర్కుల పత్రాలు వెల్లువెత్తాయి. వాటిలో చాలా వాటి పట్టికలలో ఈ రెండు బిందువుల గీత పోటీకి నిలబడదు, ఎందుకంటే దాన్ని పోటీలోనే దించరు. ఒక పద్ధతి మేలని చెప్పాలంటే దేనికన్నా మేలో చెప్పాలి. స్కేలు, పెన్సిలు ఉన్న రైతును ఓడించలేని నెట్‌వర్కు, ఎన్ని పొరలున్నా, చెరువుకు దండగ.

అమ్మోనియాదీ ఇదే కథ. పరీక్ష కిట్టు చూపేది మొత్తం అమ్మోనియా. అందులో విషపూరితమైన భాగం పీహెచ్, ఉష్ణోగ్రతలను బట్టి మారుతుంది. ఎమర్సన్ బృందం 1975లో ఇచ్చిన సూత్రం ప్రకారం మంచినీటిలో 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5 అయితే విషభాగం 2.5 శాతం, 8 అయితే 7.4 శాతం, 9 అయితే 44.5 శాతం. ఉప్పునీటిలో కొంచెం తక్కువ. నాచు (బ్లూమ్) ముదిరిన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 9కి ఎక్కితే, ఉదయం పీహెచ్ 8 దగ్గర కిట్టులో నిమ్మళంగా కనిపించిన అంకె మధ్యాహ్నానికి ఆరు రెట్ల ప్రమాదమవుతుంది. అందుకే పీహెచ్ కొలిచిన వేళ రాయకుండా ఇచ్చిన నీటి డేటా ఎంత పెద్దదైనా అరకొరే.

రోగం: నెగెటివ్ అంటే ఎంత నెగెటివ్

రోగవ్యాప్తికి పునాది సమీకరణాలు 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ రాశారు. మనుషుల మహమ్మారి కోసం రాసిన వాటిని రొయ్యకు తెచ్చినవారిలో ముఖ్యులు సోటో, లోట్జ్. 2001–02లో వారు వనామిలో వైట్ స్పాట్ మీద ప్రయోగాలు చేసి, రోగి పక్కన ఈదడం వల్ల కన్నా చచ్చిన రోగిని తినడం వల్ల వైరస్ పదిరెట్లకు మించి అంటుతుందని చూపారు. రొయ్యల సమీకరణంలో చచ్చినవాటికి ప్రత్యేక గది కావాలి. మనుషుల నమూనాలో చనిపోయినవారు లెక్కలోంచి తప్పుకుంటారు, ఇక్కడ చచ్చినవే అసలు ముప్పు. చచ్చిన రొయ్యలను రోజూ తీసేయమని పాతకాపులు చెప్పే మాటకు గణితం ఇచ్చిన గట్టి ఆధారం ఇది.

రోజువారీ వాడకంలో ఎక్కువ అపార్థానికి గురైనది పీసీఆర్ పరీక్ష. హేచరీ నుంచి సీడు కొనేముందు కొన్ని పిల్లలను కలిపి నలిపి పరీక్షిస్తారు. నమూనాలను కలిపి పరీక్షించే ఉపాయం డార్ఫ్‌మన్ 1943లో అమెరికా సైనికుల సిఫిలిస్ పరీక్షల కోసం రాసింది. వందకు రెండు పిల్లల్లో రోగం ఉంటే, 150 పిల్లల నమూనాలో ఒక్కటైనా దొరికే అవకాశం 95 శాతం. ఈ 150 అంతర్జాతీయంగా స్థిరపడిన అంకె. కానీ రోగం వెయ్యికి ఐదింటిలోనే ఉంటే అదే 150 నమూనా దాన్ని పట్టుకోలేకపోయే అవకాశం 47 శాతం, ఇంచుమించు బొమ్మాబొరుసు. రెండు లక్షల సీడులో వెయ్యికి ఐదు అంటే వెయ్యి రోగి పిల్లలు. రిపోర్టులో నెగెటివ్ అని ఉన్నా, వెయ్యి వైరస్ మూటలు చెరువులోకి దిగవచ్చు. పరీక్ష తప్పు కాదు, ల్యాబు మోసమూ కాదు. నమూనా పరిమాణం చెప్పగలిగింది అంతే.

2009లో థాయిలాండ్‌లో వర్ణించిన ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి ఇంకో తరహా. అది వెంటనే చంపదు, గ్రోత్ ఆపుతుంది. సీబాగా పిలిచే చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలకృషి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించిన అంచనాలో, దేశంలో రొయ్యల రోగాల వల్ల ఏటా పోయే ఉత్పత్తి సుమారు 2.1 లక్షల టన్నులు, విలువ వంద కోట్ల డాలర్లకు కాస్త పైన. అందులో పెద్ద భాగం ఈహెచ్‌పీది. చావులు లేని రోగాన్ని చావుల లెక్కతో పట్టలేరు. సగటు బరువు కన్నా ముందే సైజుల నడుమ తేడా పెరుగుతుంది. వలలో పడిన రొయ్యలను మొత్తంగా తూచి కౌంటు రాసుకుంటే ఆ తేడా మాయమవుతుంది. ఒక్కొక్కటీ విడిగా తూచిన ముప్పై రొయ్యలు, మొత్తంగా తూచిన మూడు కిలోల కన్నా ఎక్కువ చెబుతాయి.

గణితశాఖల సొంత దారి

ఒక జాతి ఇంకో జాతిని తినే నమూనాలను వోల్టెరా 1926లో ఏడ్రియాటిక్ సముద్రపు చేపల లెక్కల నుంచే మొదలుపెట్టాడు. తెలుగునాట ఈ శాఖను పెంచినవారు వరంగల్ ఇంజనీరింగ్ కళాశాల గణితశాఖలో పనిచేసిన ఎన్.సి.హెచ్. పట్టాభిరామాచార్యులు, ఆయన శిష్యులు. తినే జాతి, తినబడే జాతి, దాక్కునే చోటు, ప్రత్యామ్నాయ ఆహారం, కాలవిలంబం, ఇలా ఒక్కొక్క మార్పుకూ సమతాస్థితులు కనుక్కుని అవి స్థిరమో అస్థిరమో తేల్చిన పత్రాల వరుస అది. తెలుగు రాష్ట్రాల ఎన్నో డాక్టరేట్లు ఈ ధోరణిలో వచ్చాయి. గణితంగా శుభ్రమైన పని. అయితే సమీకరణంలోని అక్షరాల స్థానంలో ఏ చెరువులో కొలిచిన అంకెలు పెట్టాలో ఈ ధోరణి పెద్దగా పట్టించుకోలేదు. జీవశాస్త్రం వాళ్లేమో కొలతలు తీసి సమీకరణం లేక సగటుతో సరిపెట్టుకున్నారు. రెండు శాఖల నడుమ ఉన్నది ఒక వరండా దూరమే.

ఎప్పుడు పట్టాలి అన్న ప్రశ్న మీద మాత్రం గణితం చేతికందే ఫలం ఇచ్చింది. చెట్టు ఎప్పుడు నరకాలో ఫాస్ట్‌మన్ 1849లో లెక్కగట్టాడు. బ్యోర్న్‌డాల్ 1988లో దాన్ని సాగు చేపలకు తెచ్చాడు. రేపటి ఎదుగుదల విలువ, మేత ఖర్చు, వడ్డీ, చావులు కలిపినదానికి సమానమైన రోజున పట్టాలి. రీడ్ 1984లో అడవికి నిప్పంటుకునే ప్రమాదాన్ని చేర్చి, ఆ ప్రమాదం అచ్చంగా వడ్డీరేటు పెరిగినట్టే పనిచేస్తుందని చూపాడు. నిప్పు స్థానంలో వైట్ స్పాట్ పెడితే, పక్క చెరువులో రోగం కనబడగానే కౌంటు రాకపోయినా పట్టేసే రైతు తొందర వెనుక ఉన్న లెక్క అదే. దాన్ని భయమని తీసిపారేయడం సరికాదు.

యంత్రాభ్యాసం: అంకెల వెనుక అంకెలు

డేటా సైన్సు పత్రాలలో 97, 98 శాతం కచ్చితత్వం మామూలైపోయింది. ఆ శాతాలను చదివే తీరు మూడు సంగతుల మీద ఆధారపడుతుంది.

ఒకటి, పరీక్ష ఎలా పెట్టారన్నది. ఒకే చెరువులో గంటగంటకూ తీసిన కొలతలను కలగలిపి, ఎనభై శాతంతో నేర్పించి మిగిలిన ఇరవై శాతంతో పరీక్షిస్తే, పదకొండు గంటల కొలతను చెప్పమని అడిగేటప్పటికి పది, పన్నెండు గంటల కొలతలు యంత్రం ముందే చూసి ఉంటుంది. జవాబుపత్రం చేతికిచ్చి పరీక్ష పెట్టినట్టు. వేరే చెరువులో, వచ్చే పంటలో, వేరే ఉప్పుశాతంలో పరీక్షించినప్పుడే ఫలితానికి విలువ.

రెండు, అరుదైన ఘటన. వెయ్యి చెరువు-రోజులలో పది రోజులు నిజంగా ప్రమాదకరమైనవి అనుకుందాం. ప్రమాదాన్ని 95 శాతం పట్టుకుని, క్షేమమైన రోజును 95 శాతం క్షేమమనే చెప్పే యంత్రం ఉత్తమమైనదే. అయినా అది మిగిలిన 990 రోజుల్లో యాభై సార్లు ఊరికే గంట కొడుతుంది. నిజమైన హెచ్చరికలు తొమ్మిదో పదో. ఆరు హెచ్చరికల్లో ఐదు అబద్ధమైతే నాలుగో రాత్రికి ఫోను సైలెంటులో పడుతుంది. ప్రమాదం లేదని రోజూ చెప్పే గడియారానికి కూడా 99 శాతం కచ్చితత్వం ఉంటుందని మరవకూడదు.

మూడోది ఈ తీరానికి బాగా వర్తిస్తుంది. కరెంటు పోయినప్పుడు ఏరేటర్లు ఆగుతాయి, బ్యాటరీ లేని చోట సెన్సరూ ఆగుతుంది. తుపాను రాత్రుల కొలతలు ఉండవు. సరిగ్గా ఏ ఘడియల్లో ఆక్సిజన్ పడిపోతుందో ఆ ఘడియలే డేటాలో ఖాళీలు. లేని అంకెలు ఎందుకు లేవో తెలియకుండా పూడ్చకూడదని డోనల్డ్ రూబిన్ 1976లో సిద్ధాంతీకరించాడు. ఆ ఖాళీలను అటూఇటూ ఉన్న అంకెల సగటుతో నింపేసిన పత్రాలు, జరగని ప్రశాంత రాత్రులను యంత్రానికి నేర్పుతున్నాయి. సెన్సరు మొన మీద పాచి పట్టి అంకె మెల్లగా జారిపోవడం ఇంకో సమస్య, దానికి బ్రష్షు తప్ప అల్గారిథం లేదు.

ఆకాశం నుంచి, ఇసుక కింద నుంచి

ఉపగ్రహ చిత్రాల పరిశోధన మాత్రం నిలకడగా ముందుకు సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, సహచరులు 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో ఐఆర్ఎస్ ఉపగ్రహ చిత్రాలతో కొల్లేరును చేపల చెరువులు ఎలా కమ్మేశాయో చూపారు. 2014లో ఐరోపా ప్రయోగించిన సెంటినెల్-1 రాడారు మబ్బులను దాటి చూస్తుంది. నిలకడ నీరు రాడారుకు నల్లగా, గట్లు తెల్లగా కనబడతాయి. జర్మన్ అంతరిక్ష సంస్థ శాస్త్రవేత్తలు దాంతో ఆసియా తీరమంతటా లక్షలాది చెరువులను గుర్తించారు. చినగంజాం వైపు ఈ పద్ధతికి పరీక్షే. ఉప్పుకొఠారు, రొయ్యల చెరువు, నీళ్లు పెట్టిన వరిమడి ఒక్క రోజు చిత్రంలో ఒక్కలాగే ఉంటాయి. ఏడాది పొడవునా చూస్తే ఎండినప్పుడు ఒకటి, పచ్చబడ్డప్పుడు ఒకటి బయటపడుతుంది. అయితే పైనుంచి తెలిసేది నీరుందనే. అందులో సీడు ఉందో లేదో రాడారు చెప్పదు.

ఇసుక కింద ఇంకో లెక్క ఉంది. వేటపాలెం, బాపట్ల తీరపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. రైతులు దొరువులు అనే లోతు తక్కువ గుంటలు తవ్వి ఆ పైపొర నీటితో నార్లు, కూరగాయలు పెంచుతారు. బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన కేంద్రం ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరచి, నీటిని ఒక బావిలోకి చేర్చే మెరుగైన దొరువును రూపొందించింది. దీని వెనుక ఉన్న సూత్రం పంతొమ్మిదో శతాబ్ది చివర గైబెన్, తర్వాత హెర్జ్‌బర్గ్ ఇచ్చింది: సముద్రమట్టానికి పైన మంచినీటి మట్టం ఎంత ఉంటే, కింద దానికి 40 రెట్లు మంచినీరు ఉంటుంది. ముప్పై సెంటీమీటర్లు పైన ఉంటే పన్నెండు మీటర్లు కింద. మట్టం పది సెంటీమీటర్లు దిగితే నాలుగు మీటర్ల మంచినీరు పోయినట్టే. నీరు నిలకడగా ఉందనుకుని వేసిన లెక్క ఇది, అసలు పరిస్థితి ఇంతకన్నా చిక్కనిది. అయినా లోతు బోర్లతో తోడేసిన చోట, ప్లాస్టిక్ పరవని చెరువుల నుంచి ఉప్పు ఊరిన చోట ఏం జరుగుతుందో అర్థం కావడానికి ఇది చాలు. రొయ్యల పరిశోధనలో చెరువు గట్టు దాటి చూసే పత్రాలు అరుదు. పక్క పొలపు దొరువు ఉప్పుశాతం కూడా రొయ్య డేటాలో ఒక వరుస కావలసిందే.

అంకెలు ఎవరివి

నార్వేలో ప్రతి సాల్మన్ ఫారం చేపల మీది పేలను లెక్కపెట్టి వారంవారం ప్రభుత్వానికి తెలపాలి, ఆ అంకెలు ఎవరైనా చూడవచ్చు. తీరాన్ని 13 ఉత్పత్తి మండలాలుగా విడగొట్టి, సముద్ర ప్రవాహాల గణిత నమూనాలతో పేల వ్యాప్తిని అంచనా వేసి, 2017 నుంచి ఒక్కో మండలానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగు ఇస్తున్నారు. ఆకుపచ్చకు ఆరు శాతం పెంపు, ఎరుపుకు ఆరు శాతం కోత. అక్కడ గణితం ప్రభుత్వ నిర్ణయానికి చేరడానికి కారణం గణితజ్ఞుల గొప్పతనం కాదు, చట్టం రాబట్టిన డేటా.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం వచ్చింది. చెరువులకు లైసెన్సులున్నాయి, సీడుకు పరీక్షలున్నాయి, విద్యుత్ మీటర్లున్నాయి. ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయో చెప్పే ఆ మీటరు బహుశా తీరంలో అన్నింటికన్నా నమ్మకమైన సెన్సరు. మేత కంపెనీల దగ్గర అమ్మకాలు, ల్యాబుల దగ్గర రిపోర్టులు, యాప్‌ల దగ్గర కొలతలు ఉన్నాయి. అన్నీ వేర్వేరు చేతుల్లో, చాలావరకు తాళం వేసి ఉన్నాయి. రోగం వచ్చిన చెరువు పేరు బయటపడితే ధర పడిపోతుంది కాబట్టి రైతు చెప్పడు. ఒకరు వదిలిన నీటినే మురుగుకాల్వ నుంచి పక్కవారు తోడుకుంటారు కాబట్టి, చెప్పకపోతే ఇద్దరూ మునుగుతారు. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనంలో వందేళ్ల నాటి పత్రికలు నేటికీ చూడవచ్చు. అదే ఊరి చెరువుల పదేళ్ల నాటి వైట్ స్పాట్ వివరం కావాలంటే రైతుల జ్ఞాపకమే గతి.

బాపట్ల, ముత్తుకూరు కళాశాలల నుంచి, నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి ఏటా ప్రాజెక్టు పనికి అంశం వెతుక్కునే విద్యార్థులు గణాంకశాస్త్రంలోనూ మత్స్యశాస్త్రంలోనూ ఉన్నారు. ఒక్క మురుగుకాల్వ మీద ఉన్న చెరువులను, రైతుల పేర్లు లేకుండా, రెండు పంటల పాటు కలిసి కొలిచి ఆ పట్టికను అందరికీ తెరిచి ఉంచితే, పైన చెప్పిన సమీకరణాలలో ఏవి ఈ తీరానికి నిలుస్తాయో తేలుతుంది. దానికి కావలసినవి డీవో మీటరు, ఒక్కొక్క రొయ్యను తూచే చిన్న త్రాసు, కొలిచిన వేళ రాసుకునే నోటుబుక్కు.